తప్పంతా తుపాకీదే

ఇవెన్ మెక్‌ఫెయిల్ తన రైఫిల్‌ను విప్పి వంటింటి బల్ల మీద పరిచిన ప్రతిసారీ, అతని భార్య లోర్నా వస్తువు ఏదో ఒకటి మాయమయ్యేది. ఆ ఏడు మొదట పోయింది గోళ్ళ రంగు. కూతురి పెళ్ళికని కొని, ఆ ఒక్క రోజూ పెట్టుకుని, గొర్రెల దొడ్లో తన గోళ్ళు చూసేదెవరని సొరుగులో పడేసిన ఎర్ర రంగు. ఇప్పుడది గురి చూసే స్కోపును రైఫిల్‌కి పట్టి ఉంచే మరమేకుల నెత్తిన చుక్కలై మెరుస్తోంది. మరమేకు ఏమాత్రం వదులైనా చుక్క మధ్యకి చీలి పట్టిస్తుందట.

"నాకంటే దానికే నప్పింది," అంది లోర్నా.

"ఊఁ," అన్నాడు ఇవెన్.

తర్వాత బూటు పాలిష్ డబ్బా వెళ్ళింది. రైఫిల్ ఇనుము చెక్కలో కూర్చునే గుంటని గట్టి జిగురుతో నింపి, ఇనుము వెంట్రుకంత కూడా కదలకుండా అందులో అచ్చు పోస్తున్నాడు. ఇనుముకి ముందుగా పాలిష్ పూయకపోతే రెండూ ఇక జన్మలో విడిరావని చెప్పాడు. అలా అతుక్కుపోయిన జంట ఈ ఇంట్లో ఇప్పటికే ఒకటుంది, రెండోది వద్దులే అని లోర్నా డబ్బా ఇచ్చేసింది. ఆ పైన రొట్టెలు కాల్చే కాగితం. దాన్ని చీలికగా కత్తిరించి, గొట్టానికీ చెక్కకీ మధ్య ఈ చివరినుంచి ఆ చివరిదాకా జారించి, ఎక్కడా తగలడం లేదని నిర్ధారణ చేసుకున్నాడు. ఆ పైన బియ్యం. ఊలు మేజోడులో బియ్యం పోసి మూతి కుట్టి, రైఫిల్ మడమ కింద దిండులా పెట్టుకున్నాడు. చివరికి పెరట్లో బట్టలారేసే తీగకి దారం కట్టి, ఆమె తూకపు గుండు దానికి వేలాడదీసి, తడి దుప్పట్లు అటొకటి ఇటొకటి నెట్టి, స్కోపులోని నిలువు గీత ఆ దారంతో ఏకమయ్యేదాకా పొద్దు గడిపాడు.

ఇంత సేవ తనకి జరిగుంటే ఈపాటికి తనూ గురి తప్పకుండా ఉండేదాన్నని లోర్నా అనుకుంది. పైకి అనలేదు. ఎందుకంటే రైఫిల్ మాత్రం గురి తప్పుతూనే ఉంది.

ఉన్ని కత్తిరించే కొట్టం వెనకాల మెట్ట మీద బోర్లా పడుకుంటే, ఐదు వందల గజాల అవతల కొండ అంచున, కంచె తీగకి కట్టిన ఎనామెల్ పళ్ళెం కనిపిస్తుంది. దుప్పి ఒంట్లో గుండే ఊపిరితిత్తులూ ఉండే చోటు సుమారుగా ఆ పళ్ళెమంత. ఏటా మార్చిలో ఇవెన్ దాని మీదికి మూడు తూటాలు పేల్చేవాడు. మూడూ తగిలితే ఏప్రిల్లో, మగ దుప్పులు జత కోసం కొండలు దద్దరిల్లేలా అరిచే రోజుల్లో, ఇద్దరూ కొండల్లోని స్పానియార్డ్ అనే వేట గుడిసెకి వెళ్ళి వారం ఉండేవాళ్ళు. తగలకపోతే వెళ్ళకూడదు. గాయంతో పారిపోయిన దుప్పి ముళ్ళపొదల్లో ఎలా చస్తుందో కుర్రతనంలో ఒకసారి చూశాడట. అప్పుడు తనకి తానే పెట్టుకున్న నియమం అది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడ్డం రాలేదు కనక, అలాంటిదొకటి ఉందనే లోర్నా మర్చిపోయింది.

ఈ ఏడు అడ్డం వచ్చింది. పళ్ళెం చుట్టూ మట్టి లేస్తోంది గాని పళ్ళెం మోగడం లేదు. ఒకటి కింద, ఒకటి పక్కన, ఒకటి ఇంకా కింద. కోళ్ళకి గింజలు చల్లినట్టుంది వరస.

లోర్నాకి దుప్పి మాంసం మీద మోజు లేదు. గొర్రె మాంసం వండుతూ, తింటూ ముసలిదవుతున్న మనిషి. ఆమెకి కావలసింది గుడిసె. ఎందుకంటే ఇవెన్ మాట్లాడేది అక్కడే. ఇంట్లో అతని మాటలు వాన, కంచె, గొర్రె కాలి పుండు, ఇంతకు మించి వెళ్ళవు. "బాగుందా?" అంటే "ఊఁ", "బాగాలేదా?" అన్నా "ఊఁ". అదే మనిషి గుడిసెలో పొయ్యి రాజేసి, తడి మేజోళ్ళు తీగ మీద వేసి, కాళ్ళు చాపాడంటే ఇక ఆపేవాళ్ళుండరు. పదహారేళ్ళప్పుడు ఓడలో వంటవాడిగా చేరిపోదామని రేవుదాకా వెళ్ళి తిరిగొచ్చిన సంగతి అక్కడే చెప్పాడు. కూతురు పుట్టిన రోజున కొట్టం వెనక్కి వెళ్ళి, గొర్రెలు చూస్తాయని టోపీ మొహం మీదికి లాక్కుని ఏడ్చిన సంగతి కూడా. ఏడాదికి వారం చొప్పున, లోర్నా తన మొగుణ్ణి విడతలుగా తెలుసుకుంటూ వస్తోంది. ఇంకా చాలా మిగిలున్నాడని ఆమె నమ్మకం.

అయితే ఈసారి గుడిసె కంటే పెద్ద బెంగ ఒకటి ఆమె గుండెలో కూర్చుంది. ఇవెన్ తండ్రి అలెక్‌కి వణుకుడు జబ్బు. సరిగ్గా ఇవెన్‌కి ఇప్పుడున్న వయసులోనే మొదలైంది. ఆఖరి రోజుల్లో లోర్నాయే ఆయనకి సూప్ తాగించేది. అందుకే గుండ్లు చెదరడం మొదలైన దగ్గర్నుంచి ఆమె తూటాల కంటే చేతుల్నే ఎక్కువగా చూస్తోంది. చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడు, గడ్డం గీసుకునేటప్పుడు, వెన్న రాసుకునేటప్పుడు. చూసీ చూసీ, ఏది వణుకో ఏది తన కన్ను అదురో కూడా తెలియని స్థితికొచ్చింది.

ఒక ఆదివారం పక్క పొలం క్లైవ్ వచ్చాడు. ఈ పెద్ద రైఫిల్ కొనమని ఇవెన్‌ని ఎగదోసింది ఇతనే. ఐదు వందల గజాలేం ఖర్మ, వెయ్యి దాకా పోతుంది అన్నాడు. దాని తన్ను భుజానికి తగ్గాలంటే గొట్టం మూతికి బ్రేకు బిగించాలని ఈ ఏడు చెప్పిందీ ఇతనే. ఆ బ్రేకు పక్కకున్న కన్నాల్లోంచి మంటనీ చప్పుడునీ ఎగజిమ్ముతుంది. పక్కన పడుకున్న లోర్నాకి మొదటిసారి ఎవరో ఇనప తలుపుతో చెంప మీద కొట్టినట్టయింది. అలవాటైపోతుందిలే అన్నాడు ఇవెన్.

క్లైవ్ చీజ్ రోల్స్ తింటూ, బల్ల మీది ముక్కల్ని పెళ్ళికూతురిని చూసినట్టు చూశాడు.

"స్కోపు మార్చెయ్యి గురూ. ఇది నీ తాహతుకి సరిపడింది కాదు."

"కిందటేడే మార్చాడు," అంది లోర్నా.

"అయితే గొట్టం మార్చాలి. గొట్టం అరిగిపోయుంటుంది."

"గొట్టం మార్చాక?"

"చెక్క."

"ఆ తర్వాత పెళ్ళాన్ని మార్చమంటావా, క్లైవ్?"

"నిన్నెక్కడ మారుస్తాం లోర్నా. నీలాంటివి తయారు చెయ్యడం మానేశారు," అని ఇంకో రోల్ తీసుకున్నాడు.

ఇవెన్ నవ్వలేదు. కిటికీ వైపు తిరిగి కుడి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబులో పెట్టుకోవడం లోర్నాకి నచ్చలేదు.

క్లైవ్ వెళ్ళాక ఆమె పళ్ళేలు కడుగుతూ, కుళాయితో మాట్లాడుతున్నట్టుగా అంది.

"ఊళ్ళోకి వెళ్ళినప్పుడు ఒకసారి డాక్టర్‌కి చూపించుకుంటే పోలా."

"తుపాకీకి డాక్టర్ ఏం చేస్తాడు?"

"తుపాకీకని నేనన్లేదు."

ఇవెన్ రైఫిల్ ముక్కల్ని ఒక్కొక్కటే గుడ్డలో చుట్టాడు.

"ఇంకో వారం చూస్తా," అన్నాడు ఇవెన్. "కుదరకపోతే దీన్ని క్లైవ్‌కి అమ్మేస్తా. ఇక కొండకి వెళ్ళక్కర్లేదు. మోకాళ్ళకీ మంచిదే."

మోకాళ్ళ మాట అతను ఎత్తడం అదే మొదలు. లోర్నా పళ్ళెం బోర్లించి, చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడిచింది.

తూటాలు ఇంట్లోనే నింపుకుంటారు వాళ్ళు. పాల గది పక్కనున్న చిన్న గదిలో దానికో మర ఉంది. పేల్చిన ఇత్తడి గొట్టాలు శుభ్రం చేసి, మందు తూచి పోసి, ముందు గుండు కూర్చి పెట్టడంలో ఇవెన్‌కి సాయం చేసీ చేసీ లోర్నాకి ఆ పని జామ్ సీసాలు నింపినంత సులువైంది. మర్నాడు అతను గొర్రెల మందల్ని చూడ్డానికి వెళ్ళగానే ఆమె ఆ గదిలో దూరింది. పేల్చేసిన పాత గొట్టాలు కొన్ని ఏరింది. మందు పొయ్యలేదు. ఉత్త గొట్టానికి ముందు గుండు మాత్రం కూర్చింది. పక్కనుంచి చూస్తే అచ్చం తూటానే. మడమ తిప్పి చూస్తేనే, ఒకసారి దెబ్బ తిన్న నొక్కు కనిపిస్తుంది. వాటిని ఆప్రాన్ జేబులో వేసుకుని, ఏమీ ఎరగనట్టు వెళ్ళి స్కోన్ రొట్టెలకి పిండి కలిపింది.

సాయంత్రం ఇద్దరూ మెట్ట మీద పడుకున్నారు.

"ఇవాళ తూటా నేనందిస్తా," అంది లోర్నా. "నువ్వు చెంప చెక్క మీంచి ఎత్తకు."

"ఎందుకు?"

"ఒక్కోదానికీ లేచి కూర్చుని, మళ్ళీ సర్దుకుని పడుకుంటున్నావు. పొదుగుడు కోడి నయం."

ఇవెన్‌కి అది సబబుగానే తోచింది. చెవులకి దొప్పలు పెట్టుకున్నాడు. ఆమె కూడా పెట్టుకుంది, దొంగతనం పూర్తిగా చెయ్యాలి కదా అని. తెరిచిన రైఫిల్ గూట్లో ఆమె తూటా పెట్టింది. అతను చూడకుండానే బోల్టు ముందుకి తోసి మూశాడు.

ఎప్పుడూ పళ్ళెం వైపు దుర్భిణి పట్టుకుని, తూటా ఎక్కడ పడిందో చెప్పడం లోర్నా పని. ఇవాళ దుర్భిణిని కళ్ళ దగ్గర ఊరికే పెట్టుకుని, దాని పక్కనుంచి రైఫిల్ మూతినే చూసింది. ఆమె చూపు వరసలో, మూతికి సరిగ్గా అవతల ముళ్ళపొద కొమ్మ ఒకటి అడ్డంగా ఉంది. మూతి ఆ కొమ్మ మీద ఆగింది. ఇవెన్ గాలి పీల్చాడు, సగం వదిలాడు. మూతి కొమ్మ మీదే ఉంది. గోడకి కొట్టిన మేకులా ఉంది. అతని వేలు ట్రిగ్గర్ మీదికి మెల్లగా వంగింది. ఇంకా కొమ్మ మీదే.

అప్పుడు టక్కుమంది.

చప్పుడు లేదు, మంట లేదు. మూతి మాత్రం చర్చిలో ఆలస్యంగా వచ్చినవాడు తల వంచినట్టు గబుక్కున కిందికి వంగింది. ఇవెన్ భుజం ముందుకి ఎగదన్నింది. రెండు కళ్ళూ గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి.

కొంచెం దూరంలో మేస్తున్న గొర్రె తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది.

ఇవెన్ కళ్ళు తెరిచాడు. దొప్పలు తీశాడు.

"పేలలేదు."

"పేలలేదు," అంది లోర్నా.

"మందు తడిసిందా?"

"మందే లేదు."

అతను బోల్టు వెనక్కి లాగి, బయటికొచ్చిన దాన్ని తిప్పి మడమ చూశాడు. పాత నొక్కు. ఇక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. ఆ చుట్టుపక్కల తుపాకీ నేర్పేవాళ్ళు పిల్లల మీద వాడే ఉపాయం అది. చప్పుడుకి ముందే జడిసి గొట్టాన్ని నేలకేసి వంచేవాడెవడో, ఉత్త తూటా ఇట్టే బయటపెడుతుంది. ఇవెన్ చెవులు అంచుల్నుంచి ఎర్రబడుతూ వచ్చాయి.

"చిన్నపిల్లలకి చేసే పని నాకు చేశావు."

"చేశాను."

"ఎన్ని చేశావిలాంటివి?"

"అన్నీ."

అతను ఆమె వైపు తిరిగాడు. ఆమె మొహం చేతుల్లో దాచుకుని ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"నవ్వుతున్నావా?"

"లేదు."

"ఏడుస్తున్నావా?"

"అది కొంత, ఇది కొంత. ఉండు, మాట్లాడించకు."

అతను ఉన్నాడు. ఆమె ఆప్రాన్ అంచుతో ముక్కు తుడుచుకుని, ముళ్ళపొద వైపు చెయ్యి చూపించింది.

"నువ్వు ట్రిగ్గర్ నొక్కేదాకా మూతి ఆ కొమ్మ మీంచి కదల్లేదు, ఇవెన్. వెంట్రుకంత కదల్లేదు. నేను దాన్నే చూస్తూ ఉన్నా. నీ చేతులు కదల్లేదు. నొక్కేటప్పుడు బెదిరావు, అంతే. ఆ దిక్కుమాలిన చప్పుడుకి పసివాడిలా బెదిరావు."

ఇవెన్ ఉత్త తూటాని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. కొండ మీంచి గాలి దిగి గడ్డిని ఒక పక్కకి దువ్వింది.

"మళ్ళీ చెప్పు," అన్నాడు.

"పసివాడిలా బెదిరావు."

"అది కాదు. దాని ముందుది."

"నీ చేతులు కదల్లేదు."

అతను రైఫిల్‌ని పక్కకి జరిపి, వెల్లకిలా పడుకుని టోపీ మొహం మీదికి లాక్కున్నాడు. గొర్రెలు చూస్తాయని కాబోలు. లోర్నా అటు చూడకుండా దుర్భిణి మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"నాన్నకి కుడి చేతి బొటనవేలితో మొదలైంది," అన్నాడు టోపీ కింద నుంచి. "రోజూ పొద్దున్నే కొట్టంలో బొటనవేలు తలుపు చెక్కకి ఆనించి చూసుకుంటున్నా. అదురుతోందా లేదా అని. ఒకరోజు అదిరినట్టుంటుంది. ఒకరోజు ఉండదు. నీకు చెబుదామనుకున్నా. చెబితే నిజమైపోతుందనిపించింది."

"అయితే ఈ జిగురూ, పాలిషూ, నా గోళ్ళ రంగూ?"

"తప్పంతా తుపాకీదైతే బాగుండునని."

లోర్నా పడుకున్నచోట నుంచే అతని దగ్గరికి జరిగి, మళ్ళీ జేబులో దూరిన కుడి చెయ్యి లాగి, బొటనవేలు తన గుప్పిట్లో పెట్టుకుంది. అదరడం లేదు. అదిరినా ఆ గుప్పిట్లో తెలిసేది కాదు.

"ఊళ్ళో డాక్టర్‌కి కూడా చూపిద్దాం," అంది. "ఊరికే. కొమ్మ సాక్ష్యం నీకు సరిపోదంటే."

"ఊఁ," అన్నాడు ఇవెన్. ఈ ఊఁ కి అర్థం సరేనని ఆమెకి తెలిసింది.

డాక్టర్ అతని చేతులు చాపించి, నడిపించి, కూర్చోబెట్టి, నీ చేతులకేం లోటు లేదు గాని కాస్త వెన్న తగ్గించమన్నాడు. ఇవెన్ దారిపొడుగునా వెన్న గురించి సణిగాడు. లోర్నా చెవికి అది పాటలా ఉంది.

ఇవెన్ బ్రేకు ఊడదీసి, ఆ చోట చప్పుడు మింగే లావుపాటి గొట్టం బిగించాడు. మూతి బరువెక్కాక పాత గురి మొత్తం మారిపోయింది. మళ్ళీ మొదట్నుంచి కుదుర్చుకోవాల్సి వచ్చింది. వంద గజాల దగ్గర అట్ట పెట్టి, స్కోపు పైనున్న బిళ్ళని ఒక్కో నొక్కు తిప్పుకుంటూ గుండ్లని మధ్యకి తెచ్చాడు. అక్కడినుంచి రెండు వందలు, మూడు, నాలుగు, ఒక్కో దూరానికి ఎన్ని నొక్కులో చూసి, చిన్న కాగితమ్ముక్క మీద రాసి చెక్కకి అంటించాడు. గోళ్ళ రంగు సీసా అడుగంటింది.

"ఇంకోటి కొనిపెడతా," అన్నాడు.

"నాకా, దానికా?"

"ఇద్దరికీ చాలేంత."

తుపాకీ బాగు కావడం తేలిక, భుజం బాగు కావడమే నిదానం. రోజూ సాయంత్రం లోర్నా వీపు తిప్పి తూటాలు ఏరేది. అసలువీ ఉత్తవీ కలిపి జేబులో వేసుకుని, తోచింది తీసి గూట్లో పెట్టేది. ఏది పేలుతుందో ఏది పేలదో అతనికి తెలియదు. పేలనిదానికి మూతి వంగితే ఆమె "నమస్కారం" అనేది. మొదట్లో నమస్కారాలు చాలా పడ్డాయి.

"ఆ నవ్వు ఆపు పిల్లా. నాకు వినిపిస్తోంది."

"దొప్పలు పెట్టుకుని ఎలా వినిపిస్తోంది?"

"నేల అదురుతోంది."

ఇవెన్ ఆమెని పిల్లా అని పిలవడం సాధారణంగా గుడిసెలోనే జరిగేది. కొట్టం వెనక ఆ మాట వినడం లోర్నాకి కొత్త. ఆ మెట్ట మీదే, తూటాకీ తూటాకీ మధ్య, అతను ఇంకా ఏవేవో చెప్పుకొచ్చాడు. బోర్లా పడుకుని, చెంప చెక్కకి ఆనించి, పళ్ళెం వైపు చూస్తూ మాట్లాడేవాడు. మొహం మొహం చూసుకోనక్కర్లేదు కనక మాటలు వాటంతట అవే దొర్లేవి. రాన్రానూ నమస్కారాలు తగ్గాయి. ఒక సాయంత్రం వరసగా ఉత్తవే పెట్టింది. టక్కు, టక్కు, టక్కు. మూతి ఎక్కడా తొణకలేదు. ఆమె ఏమీ అనకుండా అసలుది పెట్టింది. ఐదు వందల గజాల అవతల పళ్ళెం ఠంగుమంది. ఆ శబ్దం గాలి మీద తాపీగా, కాస్త ఆలస్యంగా వాళ్ళదాకా వచ్చింది.

పరీక్ష రోజున రెండు పళ్ళెం మధ్యలో తగిలాయి. మూడోది అంచు మీద పడి ఎనామెల్ పెచ్చు లేచింది. ఇవెన్ అక్కడిదాకా నడిచి వెళ్ళి, వంగి చూసి, చేత్తో తడిమి, తల అడ్డంగా ఊపాడు.

"అంచు లెక్కలోకి రాదు."

"అంచు లేని పళ్ళెం ఎక్కడైనా చూశావా?"

"దుప్పికి అంచంటే పేగులు."

"ఇది దుప్పి కాదు, నా పళ్ళెం. నా పెళ్ళికి అమ్మ ఇచ్చింది. ఏది పళ్ళెమో ఏది కాదో నాకు తెలియదా?"

ఇంటిదాకా ఆ వాదన సాగింది. రాత్రి భోజనంలోనూ సాగింది. చివరికి ఇవెన్ ఒక తీర్పు చెప్పాడు. ఈ ఏడు మూడు వందల గజాలు దాటి దేన్నీ కొట్టడు. అంతకంటే దూరంగా కనిపిస్తే, ఒంట్లో ఓపికుంటే దగ్గరికి పాకుతాడు, లేకపోతే చేతులూపి వచ్చేస్తాడు. లోర్నా తీర్పుకి ఒప్పుకుని, మర్నాడు పొద్దున్నే బండిలో వోట్స్ పిండీ, బేకనూ, ప్లమ్ పళ్ళ జామూ, ఊలు దుప్పట్లూ సర్దింది.

గుడిసెకి చేరిన సాయంత్రమే పొగమంచు దిగింది. పొద్దున లేచి తలుపు తీస్తే గడప మీద తన బూట్లు తనకే కనిపించలేదు ఇవెన్‌కి. మర్నాడూ అంతే. ఆ మర్నాడు కొండ ఒక్క క్షణం మోకాలు చూపించి, సిగ్గుపడ్డట్టు మళ్ళీ కప్పేసుకుంది. ఇన్నాళ్ళూ చుక్కలు పెట్టి, అచ్చులు పోసి, దారాలు కట్టి కుదిర్చిన రైఫిల్, తలుపు వెనక మేకుకి వేలాడుతూ వారమంతా మౌనవ్రతం పట్టింది.

లోర్నా పొయ్యి దగ్గర ఊలు అల్లుకుంటూ అతను మొదలుపెడతాడని చూసింది. ఇవెన్ కాళ్ళు చాపుకున్నాడు గాని మాట్లాడలేదు. మెట్ట మీదే అంతా చెప్పేశాడు కాబోలు, ఈ ఏటికి సరుకు అయిపోయిందనుకుంది. అయినా ఆ మౌనం ఇంట్లోది కాదు. ఏదో అడగాలని గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిలా ఉన్నాడు.

"ఉత్త తూటాల పని నీకు నేర్పింది నాన్నేనా?" అని అడిగాడు ఆఖరికి.

"ఇంకెవరు? పెళ్ళయిన కొత్తలో నువ్వు మందలు తోలుకు పోయేవాడివి. బట్టల కొట్లో పుట్టిన పిల్లని, నాకు తుపాకీ మడమేదో మూతేదో తెలియదు. ఆయన తీసుకెళ్ళి నేర్పాడు. అప్పటికే చేతులు బాగా వణికేవి. తూటా గూట్లో పడేసరికి బోలెడు సేపు పట్టేది. నేను సాయం చెయ్యబోతే కసిరేవాడు."

"నాతో ఎప్పుడూ తుపాకీ పట్టుకోలేదు, జబ్బు చేశాక. మాట్లాడేవాడు కూడా కాదు." ఇవెన్ పొయ్యిలోకి చూశాడు. "నీతో మాట్లాడేవాడా?"

"నీకంటే నయం."

"ఏం మాట్లాడేవాడు?"

లోర్నా సూదులు ఒళ్ళో పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఈ మాట అతను అడగలేదు, తనూ చెప్పలేదు. ఎవరి తండ్రి కబుర్లు వాళ్ళకి తెలియకుండా ఉంటాయా అనుకుంది. తెలియకుండానే ఉంటాయి.

"ఎక్కువగా నీ గురించే. నీకు మొదటిసారి తుపాకీ ఇచ్చినప్పుడు రెండు కళ్ళూ మూసుకుని పేల్చావట. అది తిన్నగా పోయి పక్క పొలం వాళ్ళ నీళ్ళ ట్యాంకులో దిగిందట."

"ఏ ట్యాంకు?"

"క్లైవ్ వాళ్ళ నాన్నది."

"నాకెవరూ చెప్పలేదే."

"నీకు చెప్పకూడదనే. గురి తప్పినందుకు అప్పటికే పొద్దున్నించీ అన్నం మానేసి కూర్చున్నావట. ట్యాంకు సంగతి కూడా తెలిస్తే ఇక జన్మలో తుపాకీ ముట్టవని, మీ నాన్న ఒక్కడే గబగబా వాళ్ళింటికి వెళ్ళి..."

అంతలో గుడిసె వెనక, కట్టెల మోపు పక్కనే, దుప్పి అరిచింది. ఎంత దగ్గరంటే గోడ మీది గిన్నెలు గలగలమన్నాయి. ముసలి మగది. గొంతు చివర బొంగురుగా, దగ్గులా తెగుతోంది. ఐదు వందల గజాలకి కుదిర్చిన ఆ స్కోపులో, ఇరవై అడుగుల దూరాన, అది మహా అయితే గోధుమరంగు గోడలా కనిపిస్తుంది. అయినా తలుపు తీస్తే చాలు, కళ్ళు మూసుకుని కొట్టినా తగులుతుంది.

లోర్నా ఆగింది. మేకు వైపు చూసింది, అతని వైపు చూసింది.

ఇవెన్ లేవలేదు. మొద్దు ఒకటి పొయ్యిలోకి తోసి, కుర్చీ ఆమె దగ్గరికి లాక్కున్నాడు.

"దాన్ని అరవనీ," అన్నాడు. "నాన్న వెళ్ళి ఏమన్నాడు వాళ్ళతో?"